నూనె డబ్బా మీద తేదీ రాయండి, డైట్ సంగతి తర్వాత చూద్దాం

హనుమకొండలో వడ్డేపల్లి చెరువు కట్ట మీద పొద్దున ఆరింటికి నడిస్తే చాలు, ఊళ్లో ఏ డైట్ నడుస్తోందో తెలిసిపోతుంది. ఒకప్పుడు ప్రతి చేతిలో నిమ్మకాయ నీళ్ల సీసా. తర్వాత అందరి నోటా కొర్రలు, అండుకొర్రలు. ఇప్పుడు "నేను పదహారు గంటలు ఏం ముట్ట" అనేవాళ్ల కాలం. మొన్న నా ముందు నడుస్తున్నామె పక్కామెతో అంటోంది: "అన్నం బందు పెట్టిన వదినా, పది రోజుల్ల మూడు కిలోలు తగ్గిన." పక్కామె ఏమీ అనలేదు గానీ నడక వేగం పెంచింది.

ఆ మూడు కిలోల లెక్క ముందు తేల్చుకుందాం. మన కాలేయంలోనూ కండరాల్లోనూ గ్లైకోజెన్ అనే పిండిపదార్థం కొంత నిల్వ ఉంటుంది. ఒక్కో గ్రాము గ్లైకోజెన్ మూడు గ్రాముల దాకా నీటిని పట్టుకుని ఉంటుంది. అన్నం, రొట్టె ఒక్కసారిగా మానేస్తే ఆ నిల్వ ఖర్చయిపోయి నీళ్లు బయటికి పోతాయి. కాటా మీద ముల్లు దిగుతుంది, పొట్ట మాత్రం అక్కడే ఉంటుంది. కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7,700 కేలరీల లోటు పడాలి. పది రోజుల్లో మూడు కిలోల కొవ్వు అంటే రోజుకు 2,300 కేలరీల లోటు. ఆమె రోజంతా తినేదే అంత ఉండదు. మళ్లీ అన్నం తిన్న వారానికి ఆ నీళ్లు తిరిగి వస్తాయి. అప్పుడు తప్పంతా అన్నం మీదికి పోతుంది.

ఏ డైట్ మంచిది అని నన్ను అడిగేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. బరువు తగ్గించే డైట్లన్నీ ఏదో దారిలో మీ చేత తక్కువ తినిపిస్తాయి. 2018లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్లు 609 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు కొవ్వు తగ్గించి, ఇంకో జట్టుకు పిండిపదార్థాలు తగ్గించి ఏడాది పాటు చూశారు. మొదటి జట్టు సగటున 5.3 కిలోలు తగ్గింది, రెండోది 6 కిలోలు. చెప్పుకోదగ్గ తేడా కాదు. అందుకే డైట్ పేరును పక్కన పెట్టి రెండు ప్రశ్నలు వేసుకోండి. కొవ్వుతో పాటు ఇది నా నుంచి ఇంకేం తీసుకుపోతుంది? మూడో నెలలో కూడా ఇది మా వంటింట్లో నడుస్తుందా?

ఇక వరుసగా చేయాల్సినవి.

1. టేపు తీయండి

కాటా కన్నా ముందు టైలరు టేపు. ఆఖరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్యలో, ఊపిరి వదిలాక, బిగించకుండా కొలవండి. మనవాళ్లకు పెట్టిన హద్దు ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు, మగవాళ్లకు 90. మా సారు చాలాకాలం "నా నడుము ముప్పై నాలుగే" అన్నారు. అది ప్యాంటు సైజు. ప్యాంటు పొట్ట కింద నిలుస్తుంది, టేపు పొట్ట మీద నిలుస్తుంది. కొలిస్తే 98 వచ్చింది.

తర్వాత బీఎంఐ, అంటే ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చెప్పే లెక్క. కిలోల బరువును మీటర్ల ఎత్తుతో రెండుసార్లు భాగించండి. మన దేశంలో 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం కింద లెక్క. అయిదడుగుల రెండంగుళాల ఎత్తు, 68 కిలోల బరువు ఉంటే 27 పైన వస్తుంది. చూసి బెంబేలెత్తకండి. మొదటి గురి మీ బరువులో 5 శాతం, అంటే ఈ లెక్కలో మూడున్నర కిలోలు. షుగరు, బీపీ, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో ఉండే ఒక రకం కొవ్వు) మెరుగుపడటం ఆ మాత్రం తగ్గినా మొదలవుతుంది. మేనకోడలి పెళ్లికి పదిహేను కిలోలు తగ్గాలని కూర్చుంటేనే తిప్పలు.

రెండూ హద్దులోపలే ఉంటే మీకు డైట్ అక్కర్లేదు. ఇది ముఖ్యంగా ఇంటర్, డిగ్రీ చదివే ఆడపిల్లలకు చెబుతున్నా.

2. మందుల డబ్బా ముందేసుకోండి

ఈ మెట్టు ఎవరూ ఎక్కరు. కానీ ప్రమాదం ఉన్నది ఇక్కడే.

షుగరుకు గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు గానీ ఇన్సులిన్ గానీ వాడుతూ పూట మానేస్తే షుగరు పడిపోతుంది. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం, ఒక్కోసారి స్పృహ తప్పడం. మాత్ర పేరు చివర 'గ్లిఫ్లోజిన్' అని ఉంటే, ఉదాహరణకు డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్, మీరు కీటో (అన్నం, రొట్టె దాదాపు మానేసి కొవ్వు మీద బతికే డైట్) జోలికి వెళ్లకూడదు. ఆ రెండూ కలిస్తే రక్తంలో ఆమ్లం పేరుకుపోయే ప్రమాదం ఉంది. అదీ గ్లూకోమీటర్లో షుగరు అంత ఎక్కువ చూపించకుండానే రావచ్చు. అందుకే ఇంట్లోవాళ్లు గుర్తుపట్టలేరు. బీపీ మాత్రలు వాడేవాళ్లకు బరువు తగ్గేకొద్దీ పాత డోసు ఎక్కువవుతుంది. లేవగానే తూలుతున్నట్టు ఉంటే అదే కారణం కావచ్చు. డోసు మీరు మార్చకండి, డాక్టరు చేత మార్పించుకోండి.

గర్భిణులు, పాలిచ్చే తల్లులు, పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, ఇదివరకు తిండి మానేసి మానేసి మనసు పాడు చేసుకున్నవాళ్లు ఏ డైటూ సొంతంగా మొదలుపెట్టొద్దు. మిగిలినవాళ్లు హిమోగ్లోబిన్, థైరాయిడ్, మూడు నెలల షుగరు, క్రియాటినిన్ (కిడ్నీల పరీక్ష), కొలెస్ట్రాల్, యూరిక్ యాసిడ్ పరీక్షలు ఒకసారి చేయించుకుని ఆ కాగితం దాచుకోండి. మూడు నెలల తర్వాత పోల్చి చూసుకోవడానికి పనికొస్తుంది.

3. మీకు చెప్పిన డైట్‌ను ఇక్కడ వెతుక్కోండి

ఏడు రోజుల జీఎం డైట్: ఒక రోజు పండ్లు, ఒక రోజు కూరగాయలు, ఒక రోజు అరటిపండ్లు, పాలు. ఎనిమిదో రోజు ఏం తినాలో అందులో లేదు. వదిలేయండి.

కీటో: ఇది 1920ల నుంచి డాక్టర్ల చేతిలో ఉన్న పద్ధతి. మూర్ఛ వచ్చే పిల్లల కోసం పుట్టింది. పిండిపదార్థాలు రోజుకు 50 గ్రాముల లోపే ఉండాలి. మన ఒక గిన్నె అన్నం, 200 గ్రాములు, తింటే 56 గ్రాములు. అంటే ఒక్క గిన్నెతోనే ఆ రోజు కోటా దాటిపోయింది. ఆకలి తగ్గుతుంది, మొదటి నెలల్లో షుగరు బాగా దిగుతుంది, అబద్ధం కాదు. కొందరిలో చెడ్డ కొలెస్ట్రాల్ ఎగబాకుతుంది, మలబద్ధకం వస్తుంది. మన దగ్గర పేరు మోసింది వీరమాచనేని రామకృష్ణ గారి ద్రవాహార పద్ధతి: రోజుకు 70 నుంచి 100 గ్రాముల కొబ్బరి నూనె లాంటి కొవ్వు, నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీళ్లు, సూపులు. వంద గ్రాముల కొవ్వంటే 900 కేలరీలు. సూపుల్లో పెద్దగా ఏమీ ఉండదు. రోజు మొత్తం వెయ్యి దాటనప్పుడు బరువు తగ్గక ఏం చేస్తుంది? మహిమ నూనెది కాదు, మిగతా తిండి లేకపోవడానిది. కొబ్బరి నూనెలో 90 శాతం దాకా సంతృప్త కొవ్వే, చెడ్డ కొలెస్ట్రాల్‌ను పెంచే రకం. గుండె జబ్బు ఉన్నవాళ్లు, పిత్తాశయంలో రాళ్లు ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా దీని దగ్గరికి పోవద్దు.

పదహారు గంటల ఉపవాసం: ఇది మనకు కొత్త కాదు, ఒక్కపొద్దు. శనివారం ఒక్కపొద్దు ఉండే మా అత్తమ్మకు దీని గురించి చెబితే నవ్వింది. "నలభై ఏండ్ల సంది ఉంటున్న, ఒక్క కిలో తగ్గలే." ఎందుకు తగ్గలేదో మా ఇంట్లో అందరికీ తెలుసు. పగలంతా చాయ్ మీద ఉండి, సాయంత్రం దీపం పెట్టాక రెండు ప్లేట్ల ఉప్మా, రెండు అరటిపండ్లు, పడుకునే ముందు చక్కెర వేసిన పాలు. గడియారం పాటించింది గానీ గిన్నెను కాదు. పరిశోధనల్లో కూడా ఉపవాసం మామూలుగా తక్కువ తినడంతో దాదాపు సమానంగానే పనిచేసింది, అంతకు మించి మాయ లేదు. రాత్రి తొమ్మిది తర్వాత టీవీ ముందు నోరు ఆడించే అలవాటున్నవాళ్లకు మాత్రం ఇది బాగా పనికొస్తుంది. చేయాలనుకుంటే పొద్దుటి టిఫిన్ మానేసి రాత్రి పదింటికి భోజనం చేసే పద్ధతి వద్దు. రాత్రి ఏడున్నరకు ముగించి పొద్దున తొమ్మిదింటికి తినండి. పదమూడున్నర గంటలు. చాలు.

సిరిధాన్యాలు: కొర్రల లాంటి చిరుధాన్యాలు తినమని చెప్పే ఖాదర్ వలి గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది, ఐక్యరాజ్యసమితి ఆ ఏడాదిని చిరుధాన్యాల సంవత్సరం అంది. దాంతో మన కిరాణం షాపుల్లో కూడా కొర్రల ప్యాకెట్లు ముందు వరుసకు వచ్చాయి. మంచిదే. కానీ కేలరీల లెక్క చూడండి: వంద గ్రాముల బియ్యంలో 356, జొన్నల్లో 334, రాగుల్లో 321. పెద్ద తేడా ఏముంది? తేడా పీచులో ఉంది. బియ్యంలో 2.8 గ్రాములైతే జొన్నల్లో పది దాటుతుంది. పీచు వల్ల కడుపు నిండి, తక్కువ తింటే బరువు తగ్గుతుంది. కొర్రన్నం కదా అని పళ్లెం నిండా పులిహోర కలుపుకుని తింటే తగ్గదు. జొన్న రొట్టె, జొన్న గట్క, మక్క గట్క తిన్న ఇళ్లకు ఇదేం కొత్త వైద్యం కాదు. మా నాయనమ్మ బక్కగా ఉండేది. గట్క తిన్నది నిజమే, దాంతో పాటు చీకటి పడేదాకా పొలంలో నాటు వేసింది కూడా.

ఉప్పు, నూనె లేని వంట: ప్రకృతి వైద్యం చెప్పే మంతెన సత్యనారాయణ రాజు గారి పద్ధతిలో కూరగాయలు, పండ్లు, పొద్దుండగానే రాత్రి తిండి ఉంటాయి. ఈ మూడూ కళ్లు మూసుకుని తీసుకోవచ్చు. నూనె తగ్గించడం ఇంకా మంచిది. ఉప్పు పూర్తిగా మానడం దగ్గరే నా అభ్యంతరం. రోజుకు 5 గ్రాముల లోపు ఉండాలి, అది సరే. కానీ మే నెలలో మన ఎండ నలభై నాలుగు దాటి కాస్తుంటే, మూత్రం ఎక్కువ పోయే బీపీ మాత్రలు వేసుకునే డెబ్బై ఏళ్ల మనిషి ఉప్పు అసలు ముట్టకపోతే రక్తంలో సోడియం పడిపోవచ్చు. అప్పుడు మనిషి మాట తడబడుతుంది, ఇంట్లోవాళ్లు పక్షవాతం అనుకుని పరుగెత్తుతారు.

షేకులు: దీని గురించి కాస్త ఎక్కువ చెబుతా, ఎందుకంటే ఇందులో పడ్డదాన్ని నేనే. మూడేళ్ల కింద తెలిసినామె ఒకావిడ తీసుకెళ్లింది. డబ్బా పొడి, పొద్దున ఒక గ్లాసు, రాత్రి ఒక గ్లాసు, మధ్యాహ్నం చిన్న గిన్నె తిండి. ముందు, తర్వాత ఫొటోలు, గ్రూపులో చప్పట్లు. రెండు నెలల్లో ఎనిమిది కిలోలు తగ్గాను. స్కూల్లో పిల్లలు కూడా "టీచర్, సన్నబడ్డరు" అన్నారు. ఆ మాట వినడానికే ఇంకో డబ్బా కొన్నాను. మూడో నెలలో ఒక ఆదివారం తల స్నానం చేసి చూస్తే బాత్రూం జాలి మీద నీళ్లు పోవడం లేదు. వేలితో తీస్తే జుట్టు ఉండలాగా వచ్చింది. వారంలో మూడు సార్లు అదే. డాక్టరమ్మ చూసి హిమోగ్లోబిన్ రాసింది, 9.4 వచ్చింది. "రెండు మూడు నెలల కింద ఏదైనా తిండి మానేశారా?" అని అడిగింది. అలా అడగడానికి కారణం ఉంది. తిండి ఒక్కసారి పడిపోతే కుదుళ్లు విశ్రాంతిలోకి వెళ్లిపోతాయట. ఆ వెంట్రుకలు రాలేది రెండు మూడు నెలలకు. అందుకే చాలామంది జుట్టు రాలడాన్ని నీళ్ల మీదికో షాంపూ మీదికో నెట్టేస్తారు. పొడి ఆపేశాను. సంక్రాంతి సకినాలతో మొదలై ఉగాది నాటికి తొమ్మిది కిలోలు తిరిగి వచ్చాయి. ఎనిమిది తగ్గి తొమ్మిది! పైగా పోయినదాంట్లో కండ కూడా ఉంది, వచ్చినదాంట్లో ఎక్కువ కొవ్వే.

ఇంజెక్షన్లు: బరువు తగ్గించే మౌంజారో 2025 మార్చిలో మన దేశంలోకి వచ్చింది, ఇంకా కొన్ని ఉన్నాయి. పనిచేస్తాయి. డాక్టరు రాసి, డాక్టరు చూస్తుండగా వాడాల్సినవి. ఆపేస్తే చాలామందికి బరువు తిరిగి వస్తుంది. వాట్సాప్‌లో అమ్మేవాళ్ల దగ్గర కొనకండి.

4. ఇప్పుడు నూనె డబ్బా

పైవన్నీ చదివి ఏదీ నచ్చకపోతే మంచిదే. కొత్త అయిదు లీటర్ల నూనె డబ్బా విప్పిన రోజు, మార్కర్ పెన్నుతో దాని పొట్ట మీద తేదీ రాయండి. అంతే, ఈ నెలకు అదే డైట్. ఎవరికీ చెప్పకండి, చెబితే వండే చెయ్యి జాగ్రత్త పడుతుంది, లెక్క తప్పుతుంది.

మా ఇంట్లో నలుగురం. డబ్బా 26 రోజుల్లో అయిపోయింది. రోజుకు 192 మిల్లీలీటర్లు, తలకు 48. గ్రాముల్లో 44. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో, రోజుకు 2,000 కేలరీలు తినే మనిషికి నూనె, నెయ్యి కలిపి 27 గ్రాములు. అంటే మా నలుగురికి అయిదు లీటర్లు నలభై రెండు రోజులు రావాలి. మేం తలకు రోజుకు 17 గ్రాములు ఎక్కువ మింగుతున్నాం, 150 కేలరీలు. మేమేం రోజూ గారెలు వండుకోం. పోపులో, వేపుడులో, "నూనె పైకి తేలితేనే కూర" అనే నమ్మకంలో పోయింది అదంతా.

తగ్గించడానికి నేను చేసింది చెబుతా. దగ్గు మందుతో వచ్చే చిన్న కొలత కప్పు ఉంటుంది కదా, దాంతో పొద్దున్నే ఒక చిన్న సీసాలోకి 115 మిల్లీలీటర్లు కొలిచి పోస్తాను. ఆ రోజు వంటంతా ఆ సీసాతోనే. సాయంత్రానికి అయిపోతే రాత్రి కూర ఉడకబెట్టిన పప్పో, పచ్చిపులుసో అవుతుంది. పచ్చిపులుసు మన ఇళ్లలో ఉండటం ఎంత అదృష్టమో అప్పుడు తెలుస్తుంది: చింతపండు, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, చెంచాలో సగం నూనెతో పోపు. మొదటి వారం గోకరకాయ వేపుడు అడుగంటింది, ఇంట్లో గొణుగుడు. తర్వాత మూత పెట్టి, కాస్త నీళ్లు చిలకరించి మగ్గించడం వచ్చింది.

5. బియ్యం కొలవండి, మానకండి

మీరు బియ్యం కొలిచే గిలాసను కిరాణం షాపుకు తీసుకెళ్లి, నింపి కాటా మీద పెట్టించండి. మా గిలాసకు 130 గ్రాములు వచ్చింది. పూటకు నాలుగు గిలాసలు వండేవాళ్లం, తలకొకటి. మధ్యాహ్నం పూటకు రెండున్నర గిలాసలు చేశాను. తలకు 80 గ్రాములు, వండాక అది రెండు వందల గ్రాములు దాటుతుంది, తక్కువేం కాదు. తగ్గింది 170 కేలరీల పైనే. రోజుకు మూడు చాయ్‌ల్లో రెండేసి చెంచాల చక్కెర తీసేస్తే ఇంకో 120. నూనెతో కలిపితే 440. కూర, పప్పు కాస్త ఎక్కువ తింటాం కాబట్టి యాభై, అరవై తిరిగి వస్తాయనుకోండి. అయినా ఇరవై రోజులకు ఒక కిలో. చప్పగా ఉంది కదా? నాకూ అలాగే అనిపించింది.

అన్నం తగ్గిన చోటును ఖాళీగా ఉంచొద్దు, ఉంచితే సాయంత్రం మిర్చి బజ్జీల బండి దగ్గర తేలతారు. మాంసకృత్తులు పెంచండి. కిలో బరువుకు 0.83 గ్రాములు కనీసం, బరువు తగ్గేటప్పుడు ఒక గ్రాము దాకా ఉంటే కండ నిలుస్తుంది. మన వంటతో ఇది ఎలా కుదురుతుందంటే: పొద్దున రెండు గుడ్లు, 13 గ్రాములు. మధ్యాహ్నం అన్నంతో 6, చిక్కటి పప్పుతో 6, గిన్నెడు పెరుగుతో ఇంకో 6. సాయంత్రం గుప్పెడు ఉడికించిన శనగలో బబ్బెర్లో, 6. రాత్రి రెండు జొన్న రొట్టెలు, 10. దగ్గర దగ్గర యాభై. వారంలో రెండు రోజులు చేప, బొచ్చో రవ్వో కొర్రమట్టో, దొరికితే ఆ రోజు ఇంకో ఇరవై. గుడ్డు తిననివాళ్లు 30 గ్రాముల మీల్‌మేకర్ వేసుకుంటే 15 వస్తాయి. పప్పు మాత్రం నీళ్ల చారులా కాకుండా గరిటె నిలిచేలా ఉండాలి.

పళ్లెంలో వడ్డించుకునే వరుస కూడా మార్చండి. ముందు కూర, పప్పు వేసుకుని, మిగిలిన చోట అన్నం. తోటకూర, పుంటికూర, సొరకాయ, బీరకాయ ఏదైనా సరే, రోజుకు 400 గ్రాముల కూరగాయలు అంటే మనిషికి రెండు పెద్ద గిన్నెలు. రైతు బజారుకు వారానికి రెండుసార్లు పోవాల్సి వస్తుంది. తప్పదు.

6. దావత్ రోజు

పెళ్లిళ్ల సీజన్లో డైట్ మొదలుపెట్టకండి. సద్దుల బతుకమ్మకు వారం ముందు కూడా వద్దు. పెరుగు సద్ది, నువ్వుల సద్ది, మలీద ముద్దలు చేతిలో పెడితే కాదనే ధైర్యం ఎవరికీ లేదు, ఉండక్కర్లేదు కూడా.

బగారా అన్నం, చికెన్ దావత్‌కు ఆకలితో వెళ్లొద్దు. బయల్దేరే ముందు ఒక గ్లాసు మజ్జిగ, ఒక గుడ్డు. అక్కడ మొదట చికెన్ ముక్కలు, ఉల్లిగడ్డ, పెరుగు చట్నీ వేయించుకోండి. బగారా ఒక్కసారే. రెండోసారి వడ్డించడానికి వచ్చినప్పుడు పళ్లెం మీద చెయ్యి అడ్డం పెడితే ఇంకా వేస్తారు. "ఇప్పుడే తెచ్చుకున్న వదినా" అనాలి, అప్పుడు ముందుకు పోతారు. మగవాళ్లకు ఒక మాట: 650 మిల్లీలీటర్ల బీరు సీసా 250 నుంచి 300 కేలరీలు. పక్కనున్న వేయించిన పల్లీలు ఆ లెక్కలో లేవు.

సకినాలు డబ్బా దగ్గర నిలబడి తినొద్దు. అన్నం తిన్నాక రెండు పళ్లెంలో పెట్టుకుని, కూర్చుని తినండి. నిలబడి తిన్నవాటి లెక్క ఎవరికీ గుర్తుండదు.

7. నడక

వారానికి 150 నిమిషాలు, మాట్లాడగలిగి పాట పాడలేనంత వేగంతో. మూడు కిలోమీటర్లు నడిస్తే సుమారు 150 కేలరీలు ఖర్చవుతాయి. కట్ట దిగి ఎదురుగా రెండు ఇడ్లీలు తిని, చక్కెర చాయ్ తాగితే అది అక్కడే తీరిపోతుంది. నడక బరువు కన్నా షుగరుకు, నిద్రకు, మోకాళ్లకు ఎక్కువ మేలు. దాంతో పాటు వారంలో రెండు రోజులు కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిహేనుసార్లు లేచి కూర్చోండి, గోడకు చేతులు ఆనించి తోయండి, రెండు లీటర్ల నీళ్ల సీసాలు ఎత్తండి. కండ పోకుండా కాపాడేది ఇదే.

8. కాటా ఎక్కే రోజు

వారానికి ఒకసారి, ఒకే రోజు, పొద్దున్నే ఏమీ తినకముందు. రోజూ ఎక్కితే టెన్షన్ తప్ప ఏమీ ఉండదు, ఉప్పు ఎక్కువైన రాత్రి మర్నాడు కిలో పెరిగి కనిపిస్తుంది. నెలసరి ముందు వారం బరువును లెక్కలోకి తీసుకోకండి. నెలకోసారి టేపు.

వారానికి కిలోన్నర కన్నా ఎక్కువ తగ్గుతుంటే సంతోషపడకండి, తిండి పెంచండి. అంత వేగంగా తగ్గినప్పుడు పిత్తాశయంలో రాళ్లు ఏర్పడే ప్రమాదం ఉంది. కుడి పక్కటెముకల కింద నొప్పి, గుండె దడ, కళ్లు తిరగడం, నెలసరి ఆగిపోవడం, వీటిలో ఏది వచ్చినా డైట్ ఆపి డాక్టరు దగ్గరికి వెళ్లండి.

కొన్ని నెలలకు బరువు ఆగిపోతుంది. దాదాపు అందరికీ ఆగుతుంది. తగ్గిన ఒంటికి తక్కువ తిండి చాలు కాబట్టి కొంత ఆగుతుంది. మిగతాది మన చెయ్యి మెల్లగా పాత కొలతకు జారడం వల్ల. అప్పుడు కొత్త డైట్ వెతక్కుండా వంటింట్లోకి వెళ్లి డబ్బా తిప్పి చూడండి. మాది మొన్న 39 రోజులకు అయిపోయింది, అంతకు ముందుది 43 వచ్చింది. ఆ నాలుగు రోజుల నూనె ఎక్కడికి పోయిందో అడిగితే ఎవరూ చెప్పలేదు. శనివారం ఉప్మా గిన్నె తోముతుంటే తెలిసింది, చేతికి అంతా జిడ్డు.